జడ్జమ్మ కూర్చున్న చోటు

ఫిబ్రవరి 3, సోమవారం

ఉదయం పరేడ్ అయ్యాక ఇన్‌స్పెక్టర్ గారు డాగ్ స్క్వాడ్ హ్యాండ్లర్లందర్నీ ఆపారు. గంజాయి బిల్లు ఈసారి నిజంగానే సభకి వస్తోందట. అమ్మితే నేరమే, రవాణా చేస్తే నేరమే, ఓ చిన్న పొట్లం దగ్గరుంచుకుంటే మాత్రం ఇక నేరం కాదట. అందరం తలూపాం. చట్టం ఏం చెప్తే అది చేస్తాం, మనదేం పోయింది అనుకున్నాం.

అప్పుడు అసలు సంగతి చెప్పారు. బిల్లు పాసైతే మా కుక్కలు పనికిరావట.

నాకు బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది. జడ్జమ్మకి నాలుగు వాసనలు తెలుసు. గంజాయి, హెరాయిన్, ఇంకో రెండు రకాల పొడులు. ఏది తగిలినా అది చేసే పని ఒక్కటే. కూర్చుంటుంది. మొరగదు, గీరదు. బుద్ధిగా కూర్చుని నా ముఖంలోకి చూస్తుంది. అందుకే దానికి ఆ పేరొచ్చింది. రికార్డులో వేరే పేరుంది, ఆ పేరుతో పిలిస్తే చెవి కూడా కదపదు. జడ్జమ్మ కూర్చుందంటే తీర్పు అయిపోయినట్టే, బ్యాగు విప్పాల్సిందే. రేపు గంజాయి నేరం కాకపోతే, అది దేన్ని చూసి కూర్చుందో ఎవరు చెప్పాలి? నేరం కానిదానికి బ్యాగు విప్పితే లాయర్లు మమ్మల్ని ఉతికి ఆరేస్తారు.

గంజాయి నేర్పని కుక్కపిల్లల్ని కొత్తగా తెప్పిస్తారట. పాత కుక్కల్ని గోడౌన్ల కాపలాకి ఒక సెక్యూరిటీ కంపెనీకి అప్పగిస్తారట. ఇంటికి తీసుకెళ్తామంటే కుదరదట, బాగా ముసలివైతేనే ఇస్తారట. జడ్జమ్మ ఇంకా వయసులోనే ఉంది.

అది కాపలా ఏం కాస్తుంది. దొంగొస్తే తోకూపి బంతి అడుగుతుంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఒక వాసనని మర్చిపోవడం కుదురుతుందా? రోజంతా ఇదే ఆలోచన. బస్సులో కళ్ళు మూసుకుని చిన్నప్పటి మా స్కూలు వాసన గుర్తు తెచ్చుకోబోయాను. తడి సుద్దముక్క, డెస్కుల వార్నిష్. పిలవగానే వచ్చేసింది. పాఠాలు మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికెళ్ళి, జడ్జమ్మ చేత గంజాయి మరిపిస్తాను, బిల్లు తేలేదాకా టైమివ్వండి అని అడిగాను. నేర్పడానికి ట్రైనింగ్ స్కూలుంది గానీ మరిపించడానికి ఎక్కడుందమ్మా అని నవ్వారు. నేను కదల్లేదు. నా మొండితనం ఆయనకి కొత్త కాదు. సరే, ప్రయత్నించు, బిల్లు పాసైతే బస్ స్టాండులో టెస్ట్ పెడతాను అన్నారు. గంజాయి దగ్గర కూర్చోకపోతే ఉంటుంది. కూర్చుంటే గోడౌన్.

ఫిబ్రవరి 6, గురువారం

ఇంట్లోనూ బిల్లు గోలే. టీవీలో చర్చ మొదలవగానే అత్తయ్య సౌండ్ పెంచుతోంది. ఏ పార్టీ ఏమందో, ఏ క్లాజులో ఏముందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

అత్తయ్య రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్. ఊళ్ళో సగం మంది గుట్టు ఆమె చెవిలో పడింది, ఒక్కటీ నోట్లోంచి బయటికి రాలేదు. నిరుడు ఆమెకి సర్పి లేచింది. పొక్కులు మానాయి గానీ నొప్పి పోలేదు. ఎడమ పక్కటెముకల మీద బట్ట తగిలినా భగ్గుమనేది. పడుకోలేక కుర్చీలోనే కునికేది. ఈమధ్య డాక్టర్ మాత్రలు మార్చాక తెరిపిన పడింది. మంచం మీద పడుకుంటోంది. పేపర్లో గళ్ళనుడికట్టు పూర్తి చేసి మరీ కాఫీ అడుగుతోంది. ఆ డాక్టర్ ఎవరో గానీ చేతులెత్తి మొక్కాలి. ఒక్కటే ఇబ్బంది, ఆమె గది నిండా నాఫ్తలిన్ ఉండలు. బట్టలకి పురుగు పడుతోందట. అటు వెళ్తే చాలు నాకు తుమ్ములు.

ఇవాళ జడ్జమ్మ గురించి అడిగింది. గట్టిగా మూత బిగించినా దానికి తెలుస్తుందా అంది. గాజు సీసాలోంచి కూడానా అంది. పక్కన ఇంకో ఘాటు వాసనుంటే బోల్తా పడదా అంది. ఇన్నేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆమె ఇంత ఆసక్తి చూపడం ఇదే మొదలు. పొంగిపోయి అన్నీ చెప్పాను. ఒకేసారి వందమంది మాట్లాడితే మనకి రొద, దానికైతే ఎవరి గొంతు వాళ్ళదిగా వినపడినట్టు, ఏ వాసన ఆ వాసనే, ఒకటి ఇంకోదాన్ని కప్పదు అన్నాను. ఎక్స్ఛేంజ్ మనిషికి అర్థమయ్యేలా బాగా చెప్పానని మురిసిపోయాను కూడా.

 అత్తయ్య చానల్ మార్చింది.

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ రోజు మొదలుపెట్టాం. యార్డులో వరసగా రేకు డబ్బాలు, మూతలకి చిల్లులు. నాలుగింట్లో నాలుగు వాసనల శాంపిళ్ళు, మిగతావాటిలో కాఫీపొడి, సబ్బు, మా ఇన్‌స్పెక్టర్ గారి పాత సాక్సులు.

అసలు జడ్జమ్మకి గంజాయంటే ఏమిటి? మత్తు దానికి తెలీదు, జైలు తెలీదు. పిల్లగా ఉన్నప్పుడు బంతిని ఆ వాసనతో కలిపి దాచి వెతికించేవాళ్ళం. దాని ఉద్దేశంలో ఆ వాసనలో బంతి కాపురముంటుంది. వాసన దొరికితే కూర్చోవాలి, కూర్చుంటే బంతి వస్తుంది. ఇన్నేళ్ళూ అది బంతిని వెతికింది, మేం నేరాన్ని వెతికాం. ఇద్దరికీ ఒకే చోట దొరికేవి కాబట్టి గొడవ రాలేదు.

ఇప్పుడు మిగతా మూడు వాసనలకీ బంతి ఇస్తాను. గంజాయికి ఏమీ ఇవ్వను. శభాష్ లేదు, తిట్టు కూడా లేదు. అక్కడేమీ లేనట్టు ముఖం తిప్పేసుకోవాలి, అంతే.

గంజాయి డబ్బా దగ్గర కూర్చుంది. నేను గోడ మీద పెచ్చులూడిన చోటు చూస్తూ నిలబడ్డాను. దాని తోక నేలని ఊడుస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

జడ్జమ్మ ఇవాళ నన్ను తిట్టింది. డబ్బా ముందు కూర్చుంది, నేను అటు తిరిగాను. లేచొచ్చి నా ముఖానికి ఎదురుగా కూర్చుంది, నేను ఇటు తిరిగాను. డ్యూటీలో ఏనాడూ నోరు విప్పనిది, మొరిగింది. నీకు చెవుడొచ్చిందా కళ్ళు పోయాయా అని నన్ను అడుగుతున్నట్టే ఉంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

వెటర్నరీ డాక్టరమ్మ జడ్జమ్మ పళ్ళు చూడ్డానికి వచ్చింది. మర్చిపోవడం గురించి అడిగాను. మర్చిపోవడమనేది ఉండదు, పాత పాఠం మీద కొత్త పాఠం పరుస్తున్నారంతే అంది. కింద పాతది అలాగే ఉంటుందట. మరి పైకెప్పుడొస్తుంది అన్నాను. చోటు మారితే రావచ్చు అంది. అప్పటికే జడ్జమ్మ ఆమె వేలు కొరకబోతుంటే పట్టుకునే హడావిడిలో పడ్డాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఆ గోడౌన్ చూసొచ్చాను. గేటు దగ్గర ఒక కుక్క ఉంది. గొలుసు ఎంత మేర అందితే అంత మేరా గుండ్రంగా మట్టి అరిగి గాడి పడింది. దగ్గరికెళ్తే మొరగలేదు, చూడనూ లేదు. వాచ్‌మన్‌ని అది బంతి ఆడుతుందా అని అడిగాను. బంతెందుకండీ, డ్యూటీలో ఉంది కదా అన్నాడు.

ఫిబ్రవరి 26, బుధవారం

బిల్లు మీద కమిటీ బహిరంగ విచారణ పెట్టింది. స్క్వాడ్ తరఫున నన్నూ జడ్జమ్మనీ పంపారు. పెద్ద హాలు, మైకులు, మైకు ముందు దగ్గులు. జడ్జమ్మ నా కుర్చీ కింద పడుకుంది.

మొదట ఒకామె లేచింది. నర్సట. వాళ్ళ తమ్ముడు కాలేజీలో మొదలుపెట్టాడట, చదువు పోయింది, నిద్ర పోయింది, తర్వాత గోడల్లోంచి ఎవరో పిలుస్తున్నారని అనడం మొదలుపెట్టాడట. ఇప్పుడు అక్కని గుర్తుపడతాడు గానీ నమ్మడట. చట్టం అడ్డున్నప్పుడే ఇలా ఉంటే అడ్డు తీసేస్తే ఎలా అని అడిగింది. అడుగుతున్నప్పుడు గొంతు వణకలేదు, కాగితం వణికింది. ఈమె చెప్పింది నిజం అనుకున్నాను.

తర్వాత ఒకాయన. ఒకప్పుడు వ్యాన్ డ్రైవరట. బస్ స్టాండులో జేబులో చిన్న పొట్లంతో దొరికాడట. జైలుకెళ్ళాడు, లైసెన్స్ పోయింది, వస్తానన్న పెళ్ళిసంబంధం పోయింది. పొట్లం వల్ల నాకేం కాలేదు సార్, దొరకడం వల్లే అంతా అయింది అన్నాడు. ఈయన చెప్పిందీ నిజమే అనిపించింది. నా బుర్ర తక్కెడలా అటూ ఇటూ ఊగడం మొదలైంది.

మాట్లాడి వెనక్కి వస్తూ నా కుర్చీ దగ్గర ఆగాడు. ఈ కుక్కేనమ్మా, ముక్కు మీద ఆ మచ్చ గుర్తుంది అన్నాడు.  ముట్టుకోవచ్చా అని అడిగి దాని తల నిమిరాడు. అది చెయ్యి నాకింది. దాని మీద నాకేం కోపం లేదమ్మా, ఉందన్నది, ఉంది కాబట్టే అంది అన్నాడు. ఆ రోజు జడ్జమ్మకి బంతి ఇచ్చే ఉంటాను, అది ఎగిరి పట్టుకునే ఉంటుంది. ఆయన ముఖం మాత్రం నాకు గుర్తులేదు.

నా వంతొచ్చింది. ఒక సభ్యుడు, కుక్క ఎప్పుడైనా తప్పు చెప్తుందా అని అడిగారు. తప్పో ఒప్పో దానికి తెలీదండీ, ఉంది అని మాత్రమే చెప్తుంది, మిగతాది మనం చెప్పుకోవాలి అన్నాను. అందరూ నవ్వారు. నేను జోకు వేయలేదు.

మార్చి 5, బుధవారం

జడ్జమ్మ గంజాయి డబ్బా దగ్గర ఆగింది. వాసన చూసింది. నా వంక చూసింది. ముందుకెళ్ళిపోయింది.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ కూడా. ఆగను కూడా ఆగలేదు. హెరాయిన్ దగ్గర మాత్రం ఠక్కున కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ గారు తన కళ్ళతో చూసి, నీకేమైనా మంత్రాలొచ్చా అన్నారు. ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. మా ఆయన స్వీటు కొనుక్కొచ్చాడు. అందరికన్నా ఎక్కువ సంతోషించింది అత్తయ్య. పూర్తిగా మర్చిపోయిందా, నిజంగానా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

మార్చి 12, బుధవారం, ఉదయం

కెన్నెల్ డ్రైనేజీ పగిలింది. రిపేరయ్యేదాకా ఎవరి కుక్కని వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

అత్తయ్య ఒప్పుకోలేదు. ముందు నుంచీ అంతే, నిరుడు ఒక ఆదివారం తెస్తానంటేనే వద్దంది. ఇవాళ మరీ, ఆ కుక్క గుమ్మం లోపలికొస్తే నేను గుమ్మం బయటికెళ్తా అంది. వెంట్రుకలంది, గజ్జి అంది, ఆయాసమంది. మా ఆయన లిఫ్ట్ మెకానిక్. మా ఇద్దరికీ మాటామాటా పెరిగినప్పుడల్లా రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులా ఉండిపోతాడు. చివరికి అత్తయ్యే గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. గుమ్మం కింద సందుకి తువ్వాలు కూడా అడ్డం పెట్టింది. ఇంత అసహ్యమా అని నాకు నిజంగా బాధేసింది.

మార్చి 12, మధ్యాహ్నం 3

ఇది ఇప్పుడే రాసుకోవాలి.

జడ్జమ్మ ఇల్లంతా తిరిగింది. వంటగది, బాల్కనీ, చెప్పుల స్టాండు. మా ఆయన పనిబట్టల దగ్గర తుమ్మింది. తర్వాత అత్తయ్య గది తలుపు దగ్గరికెళ్ళింది. తువ్వాలు దగ్గర ముక్కు పెట్టింది. అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు.

కూర్చుంది.

నా వంక చూసింది.

 గంజాయి మర్చిపోయింది కదా, యార్డులో ఇన్‌స్పెక్టర్ గారే చూశారు కదా. అంటే ఇది మిగతా మూడింటిలో ఒకటి. మా అత్తయ్యా? హెరాయినా? గళ్ళనుడికట్టు అంత చురుగ్గా పూర్తి చేస్తున్నది అందుకా? టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పెన్షనర్ల సంఘం కోశాధికారి ఆవిడ.

ఏం చేయాలో తోచలేదు. ఒళ్ళు మాత్రం దానంతటదే ఒక పని చేసింది. ముఖం పక్కకి తిప్పుకుని గోడ వంక చూడటం మొదలుపెట్టాను. ఇన్ని రోజులూ జడ్జమ్మకి ట్రైనింగ్ ఇచ్చానో నాకు నేనిచ్చుకున్నానో అర్థం కాలేదు. దాని తోక నేలని ఊడుస్తూనే ఉంది.

మార్చి 12, సాయంత్రం 6

గడియ అత్తయ్యే తీసింది. లోపల్నుంచి తోక చప్పుడు వింటూ కూర్చుందట. ఇంక వినలేకపోయానంది. చేతిలో చిన్న గాజు సీసా. టేబుల్ మీద పెట్టి, ఇది గంజాయి నూనె, నాలుక కింద ఒక్క చుక్క వేసుకుంటా అంది.

గంజాయేనా అన్నాను. అంత సంతోషంగా ఆ మాట ఏ పోలీసూ అని ఉండడు. సోఫాలో కూలబడి నవ్వాను, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా. అత్తయ్య బిత్తరపోయి చూసింది.

నవ్వు ఆగాక నేనెవరో నాకు గుర్తొచ్చింది.

డాక్టర్ మాత్రలు ఏ మాత్రం పనిచేయలేదట. నొప్పుల క్లినిక్‌లో పక్క కుర్చీలో పరిచయమైన ఒకామె ఇచ్చిందట. ఎవరని అడిగాను. చెప్పనంది. గద్దించి అడిగాను. లైన్లో విన్నది బయట చెప్పే అలవాటు లేదమ్మాయ్, నువ్వు యూనిఫామ్ వేసుకుని అడిగినా అంతే అంది.

మా ఆయనకి తెలుసా అంటే, తెలిసీ తెలియనట్టు. అమ్మ మంచం మీద పడుకుంటోంది, అంతకన్నా నేనేమీ అడగలేదు అన్నాడు.

మార్చి 13, గురువారం

డాక్టరమ్మ ఆ రోజు చెప్పింది ఇదే. చోటు మారితే పాతది పైకొస్తుందని. యార్డులో గంజాయికి బంతి రాదని జడ్జమ్మ నేర్చుకుంది. మా ఇంట్లో రాదని దానికెవరు చెప్పారు.

నాఫ్తలిన్ ఉండలు, టీవీ సౌండు, మూతలూ సీసాల గురించి ప్రశ్నలు. ఇంట్లో ఇంత జరుగుతుంటే ఒక్కటీ పట్టుకోలేకపోయాను, పైగా నాది కనిపెట్టే ఉద్యోగం. ఒక పక్క ఒళ్ళు మండుతోంది. ఇంకో పక్క, ఆమె ఎంత జాగ్రత్తగా నడుపుకొచ్చిందో తలుచుకుంటే ముచ్చటేస్తోంది.

పారేయమన్నాను. ఏ సెక్షన్ కింద వస్తుందో, ఎంత ఉంటే ఎంత శిక్షో ఆమే నాకు వివరంగా చెప్పింది. నీ ఉద్యోగానికి ముప్పు కాబట్టి పారేస్తా, నాకు భయమేసి కాదు అంది. తర్వాత ఇంకో మాట అంది. నిన్న ఆ నోరులేని జీవి అంతసేపు పిలుస్తుంటే నువ్వు గోడ చూస్తూ నిలబడ్డావట కదా, మా ఎక్స్ఛేంజ్‌లో పిలుపొస్తే పలక్కపోతే మెమో ఇచ్చేవాళ్ళు అంది. అది ట్రైనింగ్ అత్తయ్యా అన్నాను. ఉన్నదాన్ని లేదనడం ఏం ట్రైనింగ్ అంది.

మార్చి 15, శనివారం

సీసా సింకులో వంపేసింది. నా ఎదురుగానే. జడ్జమ్మని కెన్నెల్‌లో దింపేశాను.

మార్చి 19, బుధవారం

అత్తయ్య మళ్ళీ కుర్చీలోకి వచ్చింది. జాకెట్టు తగలకుండా ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చుంటోంది. ఇవాళ నేను ఆఫీసు నుంచి ముందే వచ్చాను, ఆమె చూడలేదు. దిండు అంచు పళ్ళతో పట్టుకుని ఉంది. పేపర్ మడత విప్పకుండానే ఉంది.

గేటు దాకా వెనక్కి వెళ్ళి, చప్పుడు చేస్తూ మళ్ళీ వచ్చాను. అప్పటికి దిండు సర్దేసింది. టీ పెట్టనా అని అడిగింది. ఆ క్షణంలో నా ఉద్యోగం మీద నాకే అసహ్యం పుట్టింది. ఆ నర్సు తమ్ముడు కూడా గుర్తొచ్చాడు. ఎటూ తేల్చుకోలేక టీ తాగాను.

మార్చి 22, శనివారం

నాఫ్తలిన్ వాసన మళ్ళీ వచ్చింది. నేనేమీ అడగలేదు.

మార్చి 27, గురువారం

రేపు ఓటింగ్.

పాసైతే అత్తయ్యకి భయం పోతుంది. కానీ జడ్జమ్మకి బస్ స్టాండులో టెస్ట్, చోటు మారితే అది కూర్చుంటుందని ఇప్పుడు నాకు తెలుసు, దానికి గోడౌన్. వీగిపోతే జడ్జమ్మకి ఢోకా లేదు, అత్తయ్య నేరస్థురాలిగానే ఉంటుంది, నేను తెలిసీ ఊరుకున్న పోలీసుగా ఉంటాను. నాకు ఓటుంటే ఎటు వేసేదాన్ని? అత్తయ్యని అడిగాను, మీరైతే ఎటు అని. నాది నొప్పి కదమ్మాయ్, నా ఓటు చెల్లదు అంది.

మార్చి 28, శుక్రవారం

వీగిపోయింది. కొద్ది ఓట్ల తేడాతో. అత్తయ్య టీవీ కట్టేసి, పేపర్ తీసుకుని గదిలోకెళ్ళింది.

ఏప్రిల్ 1, మంగళవారం

జడ్జమ్మ గట్టెక్కింది అనుకున్నాను. అంత తెలివి నాది.

ఇన్‌స్పెక్టర్ గారు పిలిచారు. పైనుంచి ఆర్డరొచ్చిందట. గంజాయి నేరంగానే ఉంది కాబట్టి స్క్వాడ్‌లో ప్రతి కుక్కా నాలుగు వాసనలూ పట్టాల్సిందేనట. పద్నాలుగో తారీఖున యార్డులో టెస్ట్. మిగతా కుక్కలకి చింత లేదు. మరిపించింది నేనొక్కదాన్నే. ఇప్పుడు గుర్తు చెయ్యి, లేదంటే ఆ గోడౌన్ కాంట్రాక్టు ఎలాగూ ఉంది అన్నారు. ఈసారి ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

జడ్జమ్మ గంజాయి డబ్బా దగ్గర ఆగడం లేదు.

బంతి చేతిలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఒక్కసారి కూర్చుంటే చాలు, ఇచ్చేస్తాను. అది కూర్చోదు. ముఖం అటు తిప్పుకుని వెళ్ళిపోతోంది, అచ్చం నేను తిప్పుకున్నట్టే. కూర్చో అని నేనే చెప్పి బంతి ఇచ్చి చూశాను. అప్పుడది సబ్బు డబ్బా దగ్గరా కూర్చుంది, సాక్సుల డబ్బా దగ్గరా కూర్చుంది. ఏడుపొచ్చింది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. దానంతటది ఇంకా కూర్చునే చోటు ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడ మొదలుపెట్టండి, అక్కడ బంతి ఇస్తే చిక్కు విడిపోతుంది, ఆ తర్వాత యార్డులోనూ పట్టేస్తుంది అంది. అలాంటి చోటేదైనా ఉందా అని అడిగింది.

లేదన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

మా ఆయనతో చెప్తుంటే అత్తయ్య విన్నది. ఆమె చెవుల నుంచి ఏదీ తప్పించుకోదు. ఆదివారం తీసుకురా అంది.

వద్దన్నాను. మీకర్థం కావడం లేదు, మీ గది గుమ్మంలో బంతి ఇస్తే అది మళ్ళీ పట్టడం నేర్చుకుంటుంది, సోమవారం నుంచి బస్ స్టాండులో మీలాంటివాళ్ళ ముందే కూర్చుంటుంది, కోడలు పోలీసు కానివాళ్ళ ముందు అన్నాను. ఆ వ్యాన్ డ్రైవర్ సంగతి చెప్పాను. మీకు సీసా ఇచ్చినామె కూడా దొరకచ్చు అన్నాను.

అత్తయ్య పేపర్ మడిచి పక్కన పెట్టింది. అవన్నీ చట్టం చూసుకోవాల్సిన సంగతులు, చట్టానికి ఇవాళ బుద్ధి లేకపోతే రేపొస్తుందేమో, ఆమెకి నేను చెప్పుకుంటాను, ఆ సీసాలతో బస్సెక్కొద్దని అంది. ఆ జీవి మటుకు ఏం చేసిందని గొలుసుకి కట్టేస్తారు అంది. ఒకసారి మరిచిపొమ్మంటారు, ఒకసారి గుర్తు తెచ్చుకోమంటారు, ఏది నిజమో దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా అంది.



ఏప్రిల్ 13, ఆదివారం, ఉదయం 9

నాఫ్తలిన్ ఉండలు అత్తయ్యే ఏరి పారేసింది. తలుపు బార్లా తెరిచి మంచం మీద కూర్చుంది, ఒళ్ళో సీసా.

జడ్జమ్మ గుమ్మం దగ్గర ఆగింది. ముక్కెత్తింది. కూర్చుంది. నా వంక ఒక్కసారి చూసి, ముఖం తిప్పుకుంటానేమోనని కాబోలు, ఆమె వైపు తిరిగింది.

నేను జేబులోంచి బంతి తీశాను. అత్తయ్య లేచొచ్చి నా చేతిలోంచి తీసుకుంది. వంగితే ఆమెకి పక్కటెముకల్లో ప్రాణం పోతుంది. వంగింది. ఉందమ్మా, ఉంది అంటూ దాని నోటికి అందించింది.